వాన నీటిలో రేడియోధార్మికతను కొలవడానికి కొన్న గైగర్ కౌంటర్: తిరుపతిలో రెండు వానకాలాల అనుభవం

తిరుపతిలోని ఒక డిగ్రీ కళాశాలలో నేను భౌతికశాస్త్రం చెబుతాను. కేంద్రక భౌతికశాస్త్రం పాఠం వచ్చిన ప్రతి ఏడూ అర్ధాయువు గ్రాఫును నేను బోర్డు మీద గీయడం, పిల్లలు దాన్ని రికార్డు పుస్తకంలోకి ఎక్కించుకోవడమే తప్ప, ఒక పదార్థం కళ్ళ ముందే సగానికి, ఆ సగంలో మళ్ళీ సగానికి తగ్గిపోవడం వారెవరూ చూసింది లేదు. ప్రయోగశాలల్లో మామూలుగా ఉండే సీసియం సోర్సు అర్ధాయువు, అంటే దానిలో సగం తరిగిపోవడానికి పట్టే సమయం, 30 ఏళ్ళు. మూడేళ్ళ డిగ్రీ పూర్తయ్యేలోపు దాని తీవ్రత నూటికి ఏడు వంతులు కూడా తగ్గదు. ఒక సాయంత్రం పుట్టి అదే రాత్రికి అంతరించే రేడియోధార్మిక పదార్థం కావాలంటే దాన్ని ఎక్కడినుంచో తెప్పించుకోనక్కర్లేదు, వాన పడిన ప్రతిసారీ అది మన మిద్దె మీదికే వస్తుంది. దాన్ని పట్టి కొలవడానికే సొంత డబ్బుతో ఈ పరికరం కొన్నాను. రెండు ఈశాన్య రుతుపవన కాలాలు వాడి చూసిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను.

ఇది చేతిలో పట్టుకుని వాడే గైగర్ కౌంటర్, అంటే రేడియోధార్మిక కణం గొట్టంలోకి వచ్చిన ప్రతిసారీ టిక్కుమని లెక్కపెట్టే పరికరం. లోపల ఉన్నది పాన్‌కేక్ రకం గొట్టం, అంటే పొడవుగా కాకుండా దిబ్బరొట్టెలా గుండ్రంగా, బల్లపరుపుగా ఉండే గొట్టం. దాని ముఖం అడ్డుకొలత సుమారు నాలుగున్నర సెంటీమీటర్లు. నాకు ఎదురైన ఇబ్బందులు కూడా ఇందులో రాస్తున్నాను కనుక తయారీదారు పేరు, అమ్మినవారి పేరు చెప్పడం లేదు. ఇదే రకం గొట్టం బిగించిన పరికరాలను వేర్వేరు కంపెనీలు అమ్ముతున్నాయి, నేను చెప్పబోయే వాటిలో చాలా భాగం వాటన్నిటికీ వర్తిస్తుంది. పన్నులు, రవాణా కలిపి నాకు 38,500 రూపాయలు అయింది. నాలుగైదు వేలకు దొరికే కౌంటర్లు ఉండగా ఇంత డబ్బు ఎందుకు పెట్టాలన్న ప్రశ్నకు ముందుగా జవాబు చెప్పాలి, ఎందుకంటే వాన నీటి విషయంలో తేడా అంతా అక్కడే ఉంది.

చవక కౌంటర్లలో సన్నని గాజు గొట్టమో లోహపు గొట్టమో ఉంటుంది. రేడియోధార్మిక పదార్థాల నుంచి వెలువడే వాటిలో గామా కిరణాలు, బాగా శక్తి గల బీటా కణాలు ఆ గోడను దాటి లోపలికి పోగలవు కానీ ఆల్ఫా కణాలు పోలేవు, తక్కువ శక్తి గల బీటా కణాలు కూడా పోలేవు. పైగా గొట్టం సన్నగా ఉండటం వల్ల, వాన నీటిని తుడిచిన కాగితాన్ని ఎంత దగ్గరగా పెట్టినా అందులోంచి వెలువడే కణాల్లో చాలా తక్కువ భాగమే దాని మీద పడుతుంది. పాన్‌కేక్ గొట్టానికి ఒక వైపు ముఖమంతా అభ్రకపు పొర ఉంటుంది. ఒకప్పుడు మన గూడూరుకు పేరు తెచ్చిన అభ్రకమే ఇది. చదరపు సెంటీమీటరుకు సుమారు రెండు మిల్లీగ్రాముల బరువు మాత్రమే ఉండేంత పలుచగా, అంటే తలవెంట్రుక మందంలో పదో వంతుగా దాన్ని చీల్చి బిగిస్తారు. ఆల్ఫా కణం కూడా దాన్ని దాటగలదు. ఈ పలుచదనమే పరికరానికి ప్రాణం, దాని బలహీనత కూడా అదే.

ఆ బలహీనత నాకు మొదటి రోజే తెలిసివచ్చింది. పెట్టె విప్పి సెల్లులు వేసి మీట నొక్కితే తెర వెలిగింది గానీ పది నిమిషాలు గడిచినా ఒక్క టిక్కు కూడా వినపడలేదు. రేడియోధార్మికత అసలే లేని చోటు భూమి మీద ఉండదు కనుక, గైగర్ కౌంటర్ సున్నా చూపిస్తున్నదంటే అది చెడిపోయిందనే అర్థం. గొట్టం ముఖం మీది జాలీ వెనుక భాగాన్ని టార్చి వెలుగులో పరీక్షగా చూస్తే అభ్రకం మీద వెంట్రుకవాసి చీలిక ఒకటి అంచు నుంచి మధ్య దాకా కనిపించింది. గొట్టంలోని వాయువు అంతా ఎప్పుడో పోయి ఉంటుంది. అమ్మినవారికి రాస్తే, విప్పేటప్పుడు నా వేలే తగిలి ఉంటుందని మొదట వాదించారు. పెట్టె మీద జిగురుపట్టీ కోసిన క్షణం నుంచి వీడియో తీసి పెట్టుకున్నాను కాబట్టి పదిహేడు రోజుల తరువాత వేరే పరికరం పంపారు. రెండోది వచ్చినప్పుడు ముఖానికి గట్టి ప్లాస్టిక్ మూత తొడిగి ఉంది, మొదటిదానికి ఆ మూత లేదు. ఈ రకం కౌంటర్ కొనేవారు మూతతోనే పంపుతారా అని డబ్బు కట్టడానికి ముందే అడగాలి, పెట్టె విప్పేటప్పుడు వీడియో తప్పక తీయాలి.

ఇక వాన సంగతి. వాన నీటిలో రేడియోధార్మికత అనగానే చాలామందికి 1986 నాటి చెర్నోబిల్, 2011 నాటి ఫుకుషిమా అణు ప్రమాదాలు గుర్తుకు వస్తాయి. కానీ రేడియోధార్మికతను కనుగొన్న ఆరేళ్ళకే, అణు విద్యుత్తు గానీ అణుబాంబు గానీ ఎవరి ఊహలోనూ లేని 1902లోనే, స్కాట్లండు భౌతిక శాస్త్రవేత్త సి.టి.ఆర్. విల్సన్ అప్పుడే కురిసిన వాన నీటిని ఆవిరి చేసి, మిగిలిన మడ్డిలో రేడియోధార్మికత ఉందని, అది దాదాపు అర గంటలో సగానికి పడిపోతున్నదని చూపించాడు. దానికి మూలం మన కాళ్ళ కింది రాళ్ళలోనే ఉంది. గ్రానైటులో టన్నుకు కొన్ని గ్రాముల యురేనియం సహజంగానే ఉంటుంది. అలిపిరి నుంచి తిరుమల ఎక్కే ఘాట్ రోడ్డులో, కింద గ్రానైటు జాతి రాయి, దాని మీద క్వార్ట్‌జైటు పొరలు మొదలయ్యే చోట జాతీయ భూవైజ్ఞానిక స్మారకమని బోర్డు పెట్టిన సంధి ఉంది కదా, ఆ కింది రాయి లాంటివే ఈ ప్రాంతమంతటా నేల అడుగున పరుచుకుని ఉన్నాయి. వాటిలోని యురేనియం విఘటన చెందుతూ, అంటే తనంతట తానే విచ్ఛిన్నమై వేరే మూలకాలుగా మారుతూ పోగా మధ్యలో ఒక దశలో రాడాన్ అనే వాయువు పుడుతుంది. వాయువు కనుక మట్టి సందుల్లోంచి పైకి వచ్చి గాలిలో కలుస్తుంది. దాని అర్ధాయువు 3.8 రోజులు. అది విఘటన చెందాక వచ్చేవి వాయువులు కావు, లోహపు పరమాణువులు. పొలోనియం-218 అర్ధాయువు మూడు నిమిషాలు, సీసం-214కు 27 నిమిషాలు, బిస్మత్-214కు 20 నిమిషాలు. ఈ పరమాణువులు పుట్టగానే గాలిలోని ధూళికి అంటుకుంటాయి. మేఘంలో చినుకు తయారయ్యేటప్పుడు కొన్ని, చినుకు కిందికి దిగేటప్పుడు మరికొన్ని అందులో చేరతాయి. వాన అంటే ఆకాశాన్ని తుడిచే తడిగుడ్డ అని తరగతిలో చెబుతాను, నిజానికి జరిగేది కూడా అదే.

కాబట్టి ఈ పరికరంతో పని చేసేవారికి అన్నిటికన్నా పెద్ద శత్రువు గడియారం. వాన వెలిసి పది నిమిషాలు ఆలస్యం చేస్తే పట్టిన దానిలో నూటికి పది నుంచి ఇరవై వంతులు చేజారిపోతాయి. ఈ సంగతి పుస్తకంలో చదవడం వేరు, చేతితో చేసి తెలుసుకోవడం వేరు. మొదటి వానకాలంలో నేను చేసిన తప్పు నీటిని మరిగించడం. ఒక లీటరు వాన నీటిని స్టౌ మీద పెట్టి అడుగంటే దాకా ఇగిరిస్తే, ఆ గిన్నెను కౌంటర్ కిందికి తెచ్చేసరికి ముప్పావు గంట గడిచిపోయింది. కొలవాలనుకున్నదానిలో సగానికి పైగా స్టౌ మీదే అయిపోయింది, మిగిలినదానిలో కొంత గిన్నె గోడలకు అంటుకుంది. ఆ తరువాత పెద్ద స్టీలు తాంబాళంలో వాన పట్టి, ప్రయోగశాలలో వాడే వడపోత కాగితం గుండా పోసి చూశాను. ధూళికి అంటుకుని ఉన్న పరమాణువులు కాగితం మీద నిలిచాయి గానీ నీటిలో విడిగా తిరిగేవి కిందికి జారిపోయాయి. పరిశోధనశాలల్లో పాత్ర గోడలకు అంటకుండా నీటిలో కొద్దిగా నత్రికామ్లం కలుపుతారు. వడపోసే పద్ధతిలో అలా కలిపితే కాగితం మీద నిలవాల్సినవి కూడా కరిగి దిగిపోతాయి కాబట్టి అది మనకు పనికిరాదు.

చివరికి అన్నిటికన్నా బాగా పనిచేసింది చాలా సులభమైన పద్ధతి. మబ్బు పట్టగానే కారును చెట్టు కింది నుంచి తీసి ఆరుబయట పెట్టి, బానెట్‌ను కడిగి పొడిగుడ్డతో తుడుస్తాను. వాన మొదలైన సమయం రాసుకుని, ఇరవై నిమిషాల తరువాత గొడుగు వేసుకుని వెళ్ళి, టిష్యూ కాగితాన్ని గొట్టం ముఖమంత చదరంగా మడతపెట్టి, బానెట్ అంతటినీ ఒక చివర నుంచి రెండో చివరకు ఒకే దిశలో తుడుస్తాను. నీరు కారిపోయినా పరమాణువుల్లో కొంత భాగం ఆ రంగుపూత మీద అంటుకుని ఉంటుంది, కాగితం దాన్ని ఎత్తుకుంటుంది. లోపలికి వచ్చి ఆ మడతను బోర్లించిన స్టీలు మూత మీద పెట్టి, జుట్టు ఆరబెట్టే డ్రైయర్‌తో రెండు నిమిషాలు ఆరబెడతాను. ఈ ఆరబెట్టడాన్ని ఎవరూ వదిలేయవద్దు. తడి కాగితంలోని నీటి పొర ఆల్ఫా కణాలను పూర్తిగా, బీటా కణాలను కొంతమేరకు మింగేస్తుంది, అంతేకాక ఆ తేమ అభ్రకానికి మంచిది కాదు. గొట్టం ముఖానికీ కాగితానికీ మధ్య అర సెంటీమీటరు ఖాళీ ఉండేలా రెండు వైపులా రెండు రబ్బరు ముక్కలు పెట్టుకున్నాను. ప్రతిసారీ అదే ఎత్తు ఉంటేనే ఒక రోజు అంకెలను మరో రోజు అంకెలతో పోల్చడానికి వీలవుతుంది.

ఒక సెప్టెంబరు సాయంత్రం లెక్క ఇక్కడ ఇస్తున్నాను. పగలంతా ఉక్క పోసి, సాయంత్రం కొండ వైపు నుంచి ఉరుములతో వచ్చిన వాన అది. ముందుగా కాగితం లేకుండా పది నిమిషాలు లెక్కిస్తే 420 టిక్కులు వచ్చాయి, అంటే నిమిషానికి 42. ఇది మా ఇంటి సహజ నేపథ్యం. వాన తుడిచిన కాగితం పెట్టగానే నిమిషానికి 402 చూపింది. అర గంటకు 265, గంటకు 163, గంటన్నరకు 107, రెండు గంటలకు 73, మూడు గంటలకు 50. ప్రతి అంకె నుంచి 42 తీసేసి గ్రాఫు గీస్తే మొదటి అర గంటలో తగ్గుదల కాస్త నిదానంగా, ఆ తరువాత ఇంచుమించు ప్రతి అర గంటకూ సగం చొప్పున ఉంది. మొదట్లో నిదానం ఎందుకంటే, సీసం-214 తాను తరుగుతూ బిస్మత్-214ను పుట్టిస్తూ ఉంటుంది, ఖర్చయిన బిస్మత్ స్థానంలో కొత్తది వచ్చి చేరుతూ ఉంటుంది. నూట ఇరవై ఏళ్ళ కిందట విల్సన్ చూసిన అర గంట మా భోజనాల బల్ల మీద తిరిగి కనిపించింది. ఆ రాత్రి ఆ కాగితాన్ని చూస్తూ కూర్చున్న మూడు గంటలు నా ఉద్యోగ జీవితంలో ఎంతో సంతోషపడిన గంటలని చెప్పడానికి నాకేమీ సంకోచం లేదు.

చివరి అంకె గురించి ఒక మాట. 50కీ 42కీ మధ్య ఉన్న ఎనిమిది నిజమైన తేడానా? టిక్కులు యాదృచ్ఛికంగా వస్తాయి కనుక, వచ్చిన మొత్తానికి వర్గమూలం ఎంతో, అటూ ఇటూ ఊగిసలాట అంత ఉంటుంది. ఐదు నిమిషాల్లో 250 టిక్కులు వస్తే ఊగిసలాట సుమారు 16, అంటే నిమిషానికి మూడు పైచిలుకు. నేపథ్యంలోని ఊగిసలాట మరో రెండు. రెండూ కలిస్తే ఎనిమిదిలో దాదాపు సగం అనిశ్చితే. ఉందని గట్టిగా చెప్పలేము, లేదని కూడా చెప్పలేము. ఈ పరికరం తెర మీద మూడు దశాంశ స్థానాల వరకు అంకెలు చూపుతుంది గానీ ఆ దశాంశాలకు ఏ విలువా లేదు. మొత్తం టిక్కులను, గడిచిన సమయాన్ని విడిగా చూపే ఒక పేజీ ఉంది, నేను ఎప్పుడూ అదే వాడతాను. పరికరంలో నాకు అన్నిటికన్నా నచ్చినది కూడా ఆ పేజీయే. కొన్ని కౌంటర్లలో సగటు తప్ప మొత్తం చూపే ఏర్పాటు ఉండదు, అలాంటివి ఈ పనికి కొనవద్దు.

రెండు కాలాల వానలు పోల్చాక ఒక ఆసక్తికరమైన సంగతి బయటపడింది. ఈశాన్య రుతుపవనాల్లో బంగాళాఖాతం మీద వాయుగుండం పట్టి రెండు రోజులు ఆగకుండా కురిసే వానలో, నీరు ఎంత ఎక్కువ పడినా, తుడిచిన కాగితం నిమిషానికి 120 దాటలేదు. నేల మీద పగటి వేడికి లేచి సాయంత్రం విరుచుకుపడే జల్లులో మాత్రం 300, 400 వచ్చాయి. కారణం ఊహించడం కష్టం కాదు. సముద్రపు నీటి నుంచి రాడాన్ వెలువడటం చాలా తక్కువ, సముద్రం మీద రోజుల తరబడి నడిచి వచ్చిన గాలిలో ఉన్న రాడాన్ కూడా చాలా వరకు విఘటన చెంది ఉంటుంది. రాతి నేల మీద నిలిచిన గాలిలో అది పుష్కలంగా ఉంటుంది. అదీగాక, ఆగని వాన మొదటి గంటలోనే ఆకాశాన్ని కడిగేస్తుంది, తరువాత పడే నీటిలో చేరడానికి మిగిలేది తక్కువ. గాదంకిలో రాడారుతో పై గాలులను గమనించే జాతీయ పరిశోధనశాల మన తిరుపతి, చిత్తూరు దారిలోనే ఉంది, గాలి ఎటునుంచి వచ్చిందన్నది వానకు ఎంత ముఖ్యమో అక్కడికి వెళ్ళి వచ్చిన పిల్లలకు ఇట్టే అర్థమైంది. నావి పాతిక, ముప్పై కొలతలు మాత్రమే కాబట్టి ఇది నిరూపణ అనను, కానీ అంకెలు మొగ్గిన వైపు మాత్రం స్పష్టంగా ఉంది.

ఇప్పుడు పరికరంలో నాకు నచ్చని అసలు విషయం. మీట నొక్కగానే తెర మీద పెద్ద అక్షరాల్లో కనిపించేది టిక్కుల సంఖ్య కాదు, గంటకు ఇన్ని మైక్రోసీవర్టులని ఒక అంకె. నిమిషానికి 402 టిక్కులు ఉన్నప్పుడు అది 1.2 అని చూపి, ఎర్రగా మారి, కీచుమని అరిచింది. మా ఎదురింటి పెద్దమ్మ మిద్దె మీద పడిన వాన నీటిని డ్రమ్ముల్లో పట్టుకుంటుంది. ఆ అరుపు విని వచ్చి, "ఏమ్మా, ఈ నీళ్ళు పట్టి పెట్టుకుంటే ఏమన్నా అవుతుందా?" అని అడిగింది. ఆమె భయానికి కారణం వాన కాదు, ఈ పరికరం రాసిన తప్పుడు వాక్యం. మైక్రోసీవర్టు అనేది మనిషి శరీరానికి తగిలే మోతాదుకు కొలమానం. ఈ కౌంటర్ టిక్కులను మైక్రోసీవర్టులుగా మార్చడానికి వాడే సూత్రం, సీసియం-137 గామా కిరణాలు గొట్టమంతటా సమంగా పడుతున్నాయన్న ఊహ మీద కట్టినది. మా కాగితం విషయంలో వచ్చిన టిక్కుల్లో చాలా భాగం ముఖానికి ఆనించినంత దగ్గర నుంచి వచ్చిన బీటా కణాలవి. వాటిని మోతాదుగా మార్చే హక్కు ఆ సూత్రానికి లేదు. దళసరి స్టీలు పళ్ళెం ఒకటి మధ్యలో పెట్టగానే అంకె దాదాపు నేపథ్యానికి దిగిపోవడమే దానికి రుజువు.

పెద్దమ్మకు ఆ రాత్రి పది గంటలకు మళ్ళీ కాగితం చూపించాను. కౌంటర్ నిదానంగా, నేపథ్యం లాగానే టిక్కుమంటున్నది. వాన పడిన ఐదు గంటలకు ఈ రకం రేడియోధార్మికత వెయ్యో వంతుకు తగ్గుతుందని, డ్రమ్ములో పట్టిన నీరు తెల్లవారేసరికి ఈ విషయంలో మామూలు నీరేనని, మిద్దె మీది దుమ్ము, పిట్టల రెట్టలు కొట్టుకుపోయేలా మొదటి పది నిమిషాల నీటిని వదిలేసి తరువాతి నీటిని పట్టుకోవడం గురించే ఎక్కువగా ఆలోచించాలని చెప్పాను. హెచ్చరిక ధ్వనిని ఆపే ఏర్పాటు సెట్టింగుల్లో నాలుగు పేజీల లోపల ఉంది. తయారీదారు మొదటి తెరను టిక్కుల సంఖ్యకు మార్చి, మోతాదును లోపలి పేజీకి పంపితే ఇలాంటి భయాలు సగం తగ్గుతాయి. ఈ మాటే వారికి రాశాను, పరిశీలిస్తామని జవాబు వచ్చింది.

అయితే "వాన నీరు సురక్షితం" అని ఈ పరికరం ధ్రువపత్రం ఇవ్వగలదా? ఇవ్వలేదు. ఈ మాట స్పష్టంగా చెప్పకపోతే సమీక్ష రాసి ప్రయోజనం లేదు. రాడాన్ నుంచి పుట్టిన ఆ అల్పాయువు పరమాణువులు, అంటే రాడాన్ సంతతి, అంతా పోవడానికి రెండు రోజులు ఆగి, ఐదు లీటర్ల వాన నీటిని ఇగిర్చి, మడ్డిని చిన్న స్టీలు మూత మీద పలుచగా ఆరబెట్టి అర గంట లెక్కించాను. నేపథ్యంతో తేడా కనిపించలేదు. గొట్టం సామర్థ్యాన్ని నూటికి పదిహేనుగా తీసుకుని నేను వేసిన లెక్క ప్రకారం, మూత మీద సుమారు అర బెక్వెరెల్ (సెకనుకు ఒక పరమాణువు విఘటన చెందితే ఒక బెక్వెరెల్) బీటా పదార్థం ఉంటేనే ఈ పద్ధతికి దొరుకుతుంది. తాగునీటిలో మొత్తం బీటా లీటరుకు 1 బెక్వెరెల్, మొత్తం ఆల్ఫా 0.5 బెక్వెరెల్ దాటితే మరింత పరీక్ష చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది కనుక, బీటా వరకు ఇది మరీ పనికిరాని కొలత కాదు. కానీ మడ్డి మందంగా ఉంటే ఆల్ఫా కణాలు అందులోనే ఆగిపోతాయి. వాన నీటిలో సహజంగానే ఉండే ట్రిటియం నీటితోపాటే ఆవిరై పోతుంది, ఒకవేళ మిగిలినా దాని బీటా కణానికి అభ్రకాన్ని దాటే శక్తి లేదు. అయోడిన్ లాంటివి మరిగించేటప్పుడు కొంత ఎగిరిపోతాయి. విశ్వకిరణాల వల్ల పై వాతావరణంలో పుట్టి వానతో దిగే బెరీలియం-7 ఉంది. దాని అర్ధాయువు 53 రోజులు. అది బీటా కణాలను వెలువరించదు, గామా మాత్రమే ఇస్తుంది, అందుకని ఈ గొట్టానికి దాదాపు కనిపించనే కనిపించదు. అన్నిటికీ మించి, గైగర్ కౌంటర్‌కు వచ్చిన కణం ఏ మూలకానిదో తెలియదు. పేరు చెప్పాలంటే గామా కిరణాలను వాటి శక్తిని బట్టి విడదీసి చూపే గామా స్పెక్ట్రోమీటర్, అదీ సీసపు గోడల మధ్య ఉంచినది, కావాలి. బిస్మత్-214 అయితే 609 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, బెరీలియం-7 అయితే 478 దగ్గర, సీసియం-137 అయితే 662 దగ్గర గీత కనిపిస్తుంది. మా పరికరంలో పేరు కనుక్కోవడానికి మిగిలిన ఒకే దారి గడియారం. అర గంటకోసారి సగమైతే అది రాడాన్ సంతతి, రెండు రోజులైనా తగ్గకపోతే అప్పుడు ప్రయోగశాలను ఆశ్రయించాలి.

తేమ గురించి కూడా చెప్పాలి. నవంబరు ముసురులో, గోడలు కూడా చెమర్చే రోజుల్లో, రెండుసార్లు కౌంటర్ కాగితం లేకుండానే నిమిషానికి 200, 300 చూపుతూ ఎగిరెగిరి పడింది. గొట్టానికి కొన్ని వందల వోల్టుల విద్యుత్తు కావాలి. ఆ తీగల దగ్గర తేమ చేరితే విద్యుత్తు లీకై దొంగ టిక్కులు పుడతాయి. అసలు టిక్కులు నియమం లేకుండా విడివిడిగా వస్తాయి, దొంగవి గుంపులు గుంపులుగా వస్తాయి, కాసేపు వింటే చెవికే తేడా తెలుస్తుంది. వాన కొలవడానికి కొన్న పరికరం వాన రోజున తడబడటం బాధాకరమైన విషయం. దాన్ని రాత్రంతా బియ్యం డబ్బా లాంటి బిగుతు మూత డబ్బాలో, చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా పొట్లాలు వేసి ఉంచితే తెల్లారేసరికి సర్దుకుంది. కొలత కూడా ఇప్పుడు ఫ్యాను కింద, కిటికీలు మూసిన గదిలోనే చేస్తున్నాను. లోపలి బోర్డు మీద తేమ తగలని పూత వేశారా అని అడిగితే అమ్మినవారు సూటిగా జవాబు ఇవ్వలేదు.

ప్రతి కాలం మొదట్లో పరికరం సరిగా ఉందో లేదో చూసుకోవడానికి నేను వాడేది ఎరువుల కొట్లో దొరికే పొటాష్. మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో దాదాపు సగం బరువు పొటాషియమే. సహజ పొటాషియం గ్రాముకు సుమారు 31 బెక్వెరెల్‌ల రేడియోధార్మికత కలిగి ఉంటుంది, దానిలోని పొటాషియం-40 అర్ధాయువు 125 కోట్ల సంవత్సరాలు, కాబట్టి మన జీవితకాలంలో అది మారదు. వంద గ్రాముల పొటాష్‌ను పలుచని పాలిథిన్ సంచిలో పరిచి, అవే రబ్బరు ముక్కల ఎత్తులో కౌంటర్ పెడితే మా దగ్గర నిమిషానికి సుమారు 150 వస్తుంది. రెండేళ్ళలో ఆ అంకె నాలుగైదుకు మించి మారలేదు. పది రూపాయల ఎరువుతో ఇంత నమ్మకమైన పరీక్ష చేసుకోవచ్చని తెలిసినప్పుడు, మదనపల్లె టమాటా రైతుల కుటుంబం నుంచి వచ్చిన మా విద్యార్థి ఒకడు, తమ ఇంట్లో బస్తా ఉందని, మరుసటి సోమవారమే పొట్లం కట్టుకుని తెచ్చాడు.

మిగతా విషయాలు క్లుప్తంగా. రెండు పెన్సిల్ సెల్లులతో, ధ్వని ఆపి ఉంచితే, నెలకు పైగా నడుస్తుంది. కంప్యూటర్‌కు కలిపే తీగ ఇచ్చారు, నిమిషానికొక అంకె చొప్పున అందులోకి ఎక్కుతుంది. దానితో ఇచ్చిన సాఫ్ట్‌వేరు పాతకాలపుదే అయినా పని మాత్రం చేస్తుంది. వాడుక పుస్తకంలో వాన ప్రసక్తే లేదు, అంతా గనులు, ఆసుపత్రులు, సరుకుల తనిఖీ గురించే.

నిమిషానికి వచ్చే టిక్కులను లెక్కించి, కాలంతోపాటు అవి ఎలా తగ్గుతున్నాయో చూడాలనుకునే ఉపాధ్యాయులకు, ఓపిక గల విద్యార్థులకు ఈ పరికరం కొనమనే చెబుతాను, ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. ఇంటి బావి నీటినో డ్రమ్ము నీటినో పరీక్షించుకోవాలని మాత్రమే కొనేవారు ఆ 38,500 రూపాయలు దీని మీద పెట్టవద్దు, అందులో చిన్న భాగంతో అర్హత గల ప్రయోగశాలకు నమూనా పంపవచ్చు. మా కౌంటర్ ఇప్పుడు కళాశాల బీరువాలో, సిలికా పొట్లాల మధ్య, ముఖానికి మూత పెట్టుకుని ఉంది. అక్టోబరు మూడో వారంలో మొదటి మబ్బు పట్టగానే ఎవరి వాహనం బానెట్ తుడవాలో, ఎవరు గడియారం చూడాలో రెండో సంవత్సరం పిల్లలు ఇప్పటికే పేర్లు రాసి బీరువా తలుపుకు అంటించారు.